నడిచి తిరగగలిగే శివారు కాలనీలో అద్దెకు దిగడం ఎలా: వెతుకులాట నుంచి ఇరుగుపొరుగు దాకా

"పనులన్నీ కాలినడకన అయిపోవాలి, జనం ఒకరినొకరు ఎరిగి ఉండాలి. అలాంటి శివారు కాలనీలో అద్దెకు దిగాలంటే ఎలా వెతకాలి, దిగాక ఎలా మసలుకోవాలి?" ఈ ప్రశ్న పదే పదే వస్తోంది. అడిగేవాళ్ళలో చాలామంది అప్పటికే ఏదో ఒక ఇల్లు చూసి, మనసు పడి, ఆ తర్వాత కాలనీ గురించి ఆలోచించడం మొదలుపెట్టినవాళ్ళే. చిక్కంతా ఆ వరసలోనే ఉంది. ముందు దారి చూడాలి, తర్వాత మనుషుల్ని, ఆఖర్న ఇంటిని. గోడలకి రంగు మార్పించుకోవచ్చు, కుళాయి బాగుచేయించుకోవచ్చు. ఇంటి ముందున్న రోడ్డుని మాత్రం అద్దెకున్నవాళ్ళు మార్చలేరు.

డిపాజిట్, నోటీసు గడువు, అద్దె పెంపు గురించి చట్టాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. మీ ప్రాంతపు నిబంధనలు ముందే తెలుసుకుని, కింద చెప్పినవాటిని వాటికి తగ్గట్టు సర్దుకోండి.

1. మొదట మీ నడకల జాబితా రాయండి

ఒక కాగితం తీసుకోండి. గత వారం రోజుల్లో మీరూ మీ ఇంట్లోవాళ్ళూ గడప దాటిన ప్రతిసారీ ఎక్కడికి వెళ్ళారో రాయండి. సరుకులు, మందులు, స్కూలు, బస్టాపు, వాకింగ్, డాక్టరు, ఏదైనా సరే. పక్కన వారానికి ఎన్నిసార్లో వేయండి.

రాసి చూస్తే ఎక్కువసార్లు వెళ్ళే చోట్లు ఐదారుకి మించవు. ఆ ఐదారూ కాళ్ళకి అందితే అది మీకు పనికొచ్చే కాలనీ. నెలకోసారి వెళ్ళే పెద్ద షాపింగ్ మాల్ పక్కనే ఉందని మురిసిపోయి, రోజూ ఎక్కాల్సిన బస్సు కోసం ఆటో పట్టుకోవాల్సి వస్తే లాభం లేదు.

ఆరోగ్యంగా ఉన్న మనిషి మామూలుగా గంటకు 5 కిలోమీటర్ల దాకా నడుస్తాడు. అంటే నిమిషానికి సుమారు 80 మీటర్లు. ఆ లెక్కన:

- రోజూ వెళ్ళేవి: 5 నిమిషాలు, సుమారు 400 మీటర్ల లోపు
- వారానికి రెండు మూడుసార్లు వెళ్ళేవి: 10 నిమిషాలు, సుమారు 800 మీటర్ల లోపు
- అప్పుడప్పుడూ వెళ్ళేవి: 15 నిమిషాల నడక, లేదా ఒక్క బస్సుతోనో రైలుతోనో చేరగలిగేవి

ఇంట్లో వయసు మళ్ళినవాళ్ళు గానీ చిన్నపిల్లలు గానీ ఉంటే నిమిషానికి 50 మీటర్లే వేసుకోండి. అప్పుడు 5 నిమిషాలంటే 250 మీటర్లు. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళ లెక్కే ఇంటిల్లిపాదికీ లెక్క.

బడ్జెట్ కూడా ఈ కాగితం మీదే తేల్చుకోండి. నడక సౌకర్యం ఉన్నచోట అద్దె కాస్త ఎక్కువ అడగవచ్చు. అద్దెని అద్దెతో పోల్చకండి. అద్దె, మెయింటెనెన్స్, పెట్రోలు, పార్కింగ్, టికెట్లు అన్నీ కలిపిన నెల ఖర్చుని పోల్చండి. రెండో బండి అవసరం తీరిపోతే ఎక్కువ అద్దె కూడా గిట్టుబాటు కావచ్చు. తీరకపోతే రెండు ఖర్చులూ మీ నెత్తిన పడతాయి. ఈ లెక్క వేయకుండా ముందుకి వెళ్ళొద్దు.

2. మ్యాప్ మీద వడపోయండి

ప్రకటనల్లో "బస్టాపుకి 500 మీటర్లు" అని ఉంటే అది తరచూ గాలిలో గీసిన గీత కొలతే అయి ఉంటుంది. మ్యాప్ యాప్‌లో నడక గుర్తు ఎంచుకుని, గేటు నుంచి గమ్యం దాకా దారి వేసి చూడండి.

వీధులు గళ్ళనుడికట్టులా అడ్డంగా నిలువుగా కలిసి ఉంటే, నడక దూరం సూటి దూరానికి మహా అయితే 1.4 రెట్లు అవుతుంది. ఒక చివర మూసుకుపోయిన వీధులు, చుట్టూ ప్రహరీ, ఒకే గేటు ఉన్నచోట ఇది రెండు మూడు రెట్లకి పోతుంది. గోడ అవతల కనిపించే పార్కుకి మెయిన్ రోడ్డు చుట్టి వెళ్ళాల్సి వస్తుంది. శివారు కాలనీల్లో నడకని దెబ్బతీసే మొదటి కారణం ఇదే.

కొన్ని దేశాల్లో, ఆ చోటు నుంచి పనులు ఎంతవరకు కాలినడకన అవుతాయో చెప్పే వాక్ స్కోర్ లాంటి అంకెలు ఇంటి ప్రకటనలోనే కనిపిస్తాయి. అందులో 5 నిమిషాల నడకలో ఉన్న వసతికి పూర్తి పాయింట్లు ఇస్తారు, 30 నిమిషాలు దాటినదానికి ఏమీ ఇవ్వరు. వడపోతకి అది చాలు. ఫుట్‌పాత్ పగిలి ఉందా, దారిలో నీడ ఉందా, రాత్రి లైటు వెలుగుతుందా అన్నది ఆ అంకె చెప్పదు.

ఈ దశలో మూడు నాలుగు కాలనీలు మిగిలితే చాలు.

3. దారిని కాళ్ళతో పరీక్షించండి

మొత్తం పనిలో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే. ఇల్లు చూడటానికి వెళ్ళిన రోజు పనిలో పనిగా ఓ చుట్టు తిరిగొస్తే సరిపోదు. వేర్వేరు వేళల్లో వెళ్ళాలి:

- పనిరోజు ఉదయం, స్కూలు, ఆఫీసు రద్దీలో
- రాత్రి ఎనిమిది దాటాక
- సెలవురోజు మధ్యాహ్నం
- వీలైతే, గట్టి వాన పడిన మర్నాడు

ఉత్త చేతులతో నడవకండి. నాలుగైదు కిలోల సంచి ఒకటి పట్టుకోండి. ఉత్త చేతులతో హాయిగా అనిపించిన 700 మీటర్లు సంచితో ఎలా ఉంటాయో మీ భుజమే చెబుతుంది.

చూడాల్సినవి:

- ఫుట్‌పాత్ ఇంటి గేటు నుంచి గమ్యం దాకా తెగకుండా ఉందా
- దాని వెడల్పు ఎంత. ఒక చక్రాల కుర్చీ పోవడానికి కనీసం 90 సెంటీమీటర్లు ఉండాలి. రెండు ఎదురెదురుగా సాఫీగా సాగాలంటే సుమారు 1.8 మీటర్లు కావాలి
- నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయి
- వీధి దీపాల మధ్య చీకటి ఎంత దూరం
- ఎండవేళ నీడ ఏ వైపు
- దారిలో కూర్చోవడానికి చోటు ఉందా
- వీధిలోకి తెరుచుకునే కిటికీలు, తలుపులు ఉన్నాయా, లేక పొడుగాటి గోడలేనా

చివరిది చాలామంది పట్టించుకోరు. రెండు వైపులా గోడలే ఉన్న వీధి చీకటి పడగానే నిర్మానుష్యం అయిపోతుంది. కిటికీలు ఉన్న వీధిలో ఎవరో ఒకరి చూపు పడుతూనే ఉంటుంది.

ఇక దారిలోని అడ్డంకుల్ని మీ కళ్ళతో కాకుండా మరొకరి కళ్ళతో చూడాలి. ఫుట్‌పాత్ మధ్యలో కరెంటు స్తంభం, దాని పక్కనే నిలిపిన బండి, రెంటి మధ్య అడుగున్నర సందు. మీరైతే పక్కకి తిరిగి దూరిపోతారు. చంటిపిల్ల బండి తోసుకుంటూ వచ్చే తల్లి మాత్రం అక్కడ ఆగి, ముందు చక్రాలు ఎత్తి రోడ్డు మీదికి దించి, వెనక్కి తిరిగి చూసి, కారు దాటిపోయేదాకా నిలబడి, నాలుగడుగులు వేసి మళ్ళీ పైకెక్కించాలి. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ అదే తంతు. మీ ఇంట్లో ఆ తల్లి స్థానంలో ఎవరుంటారో ఆలోచించి మార్కులు వేయండి.

పెద్ద రోడ్డు దాటాల్సి వస్తే అక్కడ మరింత జాగ్రత్తగా చూడండి. సిగ్నల్ కోసం ఎంతసేపు ఆగాల్సి వస్తోందో, ఆకుపచ్చ ఎన్ని సెకన్లు ఉంటోందో ఫోనులో కొలవండి. సెకనుకి 1.2 మీటర్లు నడిచే మనిషికి 12 మీటర్ల రోడ్డు దాటడానికి 10 సెకన్లు పడుతుంది. చేతికర్ర పట్టుకున్నవాళ్ళకి అది చాలదు. సిగ్నలే లేకపోతే వాహనాల వేగం చూడండి. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగేచోట వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని 2020లో రోడ్డు భద్రతపై వచ్చిన స్టాక్‌హోమ్ ప్రకటన కోరింది. మీరు చూస్తున్న కాలనీలో వేగ పరిమితి బోర్డు ఉందా, స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయా, బళ్ళు నిజంగా నెమ్మదిస్తున్నాయా? మూడూ వేర్వేరు ప్రశ్నలు.

ఆఖర్న ఏదైనా ఒక మలుపు దగ్గర పది నిమిషాలు ఊరికే నిలబడండి. పిల్లలు పెద్దల తోడు లేకుండా రోడ్డు దాటుతున్నారా? ఎదురుపడినవాళ్ళు ఆగి మాట్లాడుకుంటున్నారా? మీవైపు చూసి ఎవరైనా "ఎవరికోసం అండీ?" అని అడిగారా? ఆ చివరిది జరిగితే మంచిదే. అది కొత్త మనిషిని గమనించే వీధి.

4. అక్కడివాళ్ళని సరైన ప్రశ్నలు అడగండి

"ఇక్కడ బాగుంటుందా అండీ?" అని అడిగితే "ఆఁ, బాగానే ఉంటుంది" అనే వస్తుంది. దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. జరిగిన సంగతులు అడగండి:

- "మొన్న కరెంటు పోయినప్పుడు ఎవరు ఎవరికి చెప్పుకున్నారు?"
- "మీరు ఊరెళ్తే తాళంచెవి ఎవరికిచ్చి వెళ్తారు?"
- "అద్దెకున్నవాళ్ళు ఇక్కడ సుమారు ఎన్నాళ్ళుంటున్నారు?"
- "కాలనీ మీటింగులకి అద్దెవాళ్ళని కూడా పిలుస్తారా?"
- "ఈ మధ్య దేని గురించి గొడవ జరిగింది? ఎలా తేలింది?"

తాళంచెవి ప్రశ్న వీటన్నిటిలో నాకు చాలా ఇష్టం. ఆలోచించకుండా ఫలానా ఇంటివాళ్ళ పేరు చెప్పేస్తే అక్కడ నిజంగా దగ్గరితనం ఉంది. గొడవ గురించిన ప్రశ్న మొహమాటంగా అనిపిస్తుంది గానీ వదలొద్దు. గొడవే లేని కాలనీ ఉండదు. తేల్చుకునే పద్ధతి ఉందా లేదా అన్నదే మీకు కావాల్సింది.

ఖాళీ చేస్తున్నవాళ్ళు దొరికితే ఓనరు లేనప్పుడు మాట్లాడండి. ఎందుకు వెళ్ళిపోతున్నారు, రిపేర్లకి ఫోన్ చేస్తే ఎన్నాళ్ళకి పలికారు, ఎండాకాలం నీళ్ళు ఎలా వచ్చాయి అని అడగండి.

దగ్గరితనం వేరు, నిఘా వేరు. మీ ఇంటికి ఎవరొస్తున్నారు, ఎప్పుడొస్తున్నారు, మీరు ఒంటరిగా ఉంటారా అన్నవాటి మీద ఇల్లు ఇవ్వకముందే ఆంక్షలు మొదలైతే, దిగాక అవి తగ్గవు. ఎంత అందమైన వీధైనా అలాంటిచోటు వదిలేయమనే చెబుతాను.

5. ఇప్పుడు ఇల్లు చూడండి

ఇంత దూరం వచ్చాక ఇల్లు చూసే పని తేలికే. అయినా కొన్ని తప్పనిసరి:

- పది లీటర్ల బకెట్ కుళాయి కింద పెట్టి టైమ్ చూడండి. రెండు నిమిషాలు దాటినా నిండకపోతే నీటి ఒత్తిడి తక్కువ. పై అంతస్తులో తప్పకుండా చూడాలి
- కిటికీల కింద, బాత్రూమ్ గోడ అవతలి వైపు, అలమరాల వెనక అరచేయి ఆనించి చెమ్మ చూడండి. కొత్తగా ఒక్క గోడకే రంగు వేసి ఉంటే ఎందుకో అడగండి
- ప్రతి గదిలో నిలబడి ఫోన్ సిగ్నల్ చూడండి
- సంచులు, సైకిలు, చక్రాల బండి పెట్టుకోవడానికి గుమ్మం దగ్గర చోటుందా
- పడగ్గది ఏ వైపు ఉంది

పడగ్గది సంగతి ఇలాంటి కాలనీల్లో ముఖ్యం. మనుషులు నడిచే వీధంటే మాటలు వినిపించే వీధి. ఇంటి బయట రాత్రి శబ్దం 40 డెసిబెల్స్ దాటకూడదని 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం సూచించింది. ఫోన్ యాప్ కొలత అంత కచ్చితం కాదు గానీ రెండు ఇళ్ళని పోల్చుకోవడానికి పనికొస్తుంది. కిటికీ తెరిచి ఒకసారి, మూసి ఒకసారి చూడండి.

6. అగ్రిమెంట్‌లో ఏమేం ఉండాలి

సంతకానికి ముందు కాలనీ సంఘం నియమాల కాపీ అడిగి తీసుకోండి. పార్కింగ్, పెంపుడు జంతువులు, చెత్త వేళలు, డాబా వాడకం, అతిథులు, అన్నీ ఉండేది అందులోనే. చాలామంది అగ్రిమెంట్ రెండుసార్లు చదువుతారు, దీన్ని మాత్రం అడగనే అడగరు. దిగాక రోజూ ఎదురయ్యేవి ఇవే.

అగ్రిమెంట్‌లో సరిచూసుకోండి:

- డిపాజిట్ ఎంత, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, దేనికి కోస్తారు
- మామూలు అరుగుదలని నష్టంగా లెక్కించరాదన్న మాట
- ఏ రిపేరు ఎవరిది, అత్యవసరమైతే ఎంత లోపల చేయించాలి
- మెయింటెనెన్స్ ఎవరు కడతారు, పెరిగితే ఎవరి మీద పడుతుంది
- అద్దె పెంపు ఎప్పుడు, ఎంత
- నోటీసు గడువు ఇద్దరికీ సమానమా
- ఓనరు ఇంట్లోకి రావాలంటే కనీసం ఒక రోజు ముందు చెప్పడం
- సంఘంలో అద్దెవాళ్ళకి ఉండే హక్కులు

నోటిమాటగా ఒప్పుకున్నవాటిని ఆ సాయంత్రమే మెసేజ్‌లో పెట్టండి: "ఈరోజు మనం అనుకున్నట్టు, వంటింటి కుళాయి మేం దిగేలోపు మీరు మార్పిస్తారు, బాల్కనీ జాలీ ఖర్చు మాది. సరేనా అండీ?" అవతలివాళ్ళు "సరే" అంటే చాలు. దీనివల్ల ఎవరి మనసూ నొచ్చుకోదు, తర్వాత ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడక్కర్లేదు.

7. దిగే రోజు వరస

1. ముందురోజు: పక్కిళ్ళవాళ్ళకి, పై కింద ఇళ్ళవాళ్ళకి లారీ ఏ వేళకి వస్తుందో చెప్పండి. దారికి అడ్డం నిలపాల్సి వస్తే ఎంతసేపో కూడా చెప్పండి.
2. సామాను దించకముందు: ఖాళీ ఇల్లంతా వీడియో తీయండి. ప్రతి గదిలో గుమ్మం నుంచి మొదలుపెట్టి, గోడలు, నేల, పైకప్పు, స్విచ్చులు, కుళాయిలు, అద్దాలు చూపించండి. పగుళ్ళు, మరకలు దగ్గర్నుంచి ఫొటో తీసి అదే రోజు ఓనరుకి పంపండి.
3. మీటర్లు: కరెంటు, నీళ్ళు, గ్యాస్ రీడింగులు ఫొటో తీయండి.
4. తాళాలు: ఎన్ని చెవులు ఇచ్చారో రాసి పెట్టుకోండి. పాత చెవులు ఇంకా ఎవరి దగ్గరున్నాయో అడగండి. అనుమానంగా ఉంటే ఓనరు అనుమతితో తాళం మార్పించండి.
5. సాయంత్రం: అట్టపెట్టెలు, చెత్త దారి మీద వదలకండి. వీధి మిమ్మల్ని మొదట చూసేది ఆ రోజే.

8. మొదటి నెల: మనిషి తెలియాలి

ఇరుగుపొరుగు ఒక్కరోజులో కలిసిపోరు. అటువైపు రోజూ కనిపిస్తే, అప్పుడప్పుడూ పలకరిస్తే కలుస్తారు. అందుకే మొదటి నెల వీలైనంతవరకు ఒకే వేళకి, ఒకే దారిన నడవండి, ఒకే షాపుకి వెళ్ళండి. పదిసార్లు చూసిన ముఖాన్ని పలకరించడం ఎవరికైనా తేలిక.

మొదటి వారంలోనే రెండు పక్కిళ్ళకి, ఎదురింటికి వెళ్ళి రండి. గుమ్మం దగ్గరే రెండు నిమిషాలు చాలు: "నమస్తే అండీ, మేం పక్కింట్లో కొత్తగా దిగాం. మావల్ల ఏదైనా ఇబ్బంది ఉంటే నేరుగా మాకే చెప్పండి. ఇదిగో నా నంబరు." వయసులో పెద్దవాళ్ళని ఏమని పిలిస్తే వాళ్ళకి బాగుంటుందో గమనించి అలాగే పిలవండి. ఇంటికొచ్చాక పేర్లు రాసి పెట్టుకోండి. రెండోసారి కలిసినప్పుడు పేరు గుర్తుంటే సగం పని అయిపోయినట్టే.

ఏదైనా ఇచ్చి పరిచయం పెంచుకోవాలని చాలామంది చూస్తారు. అడగడం అంతకంటే బాగా పనిచేస్తుంది. "మంచి ప్లంబర్ ఎవరైనా ఉన్నారా అండీ?", "ఓ పావుగంట నిచ్చెన ఇస్తారా?" తీసుకున్నది చెప్పిన వేళకి, తుడిచి తిరిగివ్వండి. ఆ తర్వాత వాళ్ళు మీ తలుపు తట్టడానికి మొహమాటపడరు.

కాలనీ వాట్సాప్ గ్రూపులో చేరాక ఓ వారం చదవడమే చేయండి. ఏవి పెడతారో, ఎవరి మాట చెల్లుతుందో, ఏ పాత గొడవ ఇంకా రగులుతోందో తెలుస్తుంది. మీటింగుకి వెళ్ళండి. చాలాచోట్ల ఓటు ఓనర్లకే ఉంటుంది. మాట్లాడటానికీ పని చేయడానికీ ఆ అడ్డు ఉండదు. మొదట్లో ఒక్క పూటతో ముగిసే పనికి చేయి కలపండి. కోశాధికారి లాంటి ఏడాది బాధ్యతలు నెత్తికెత్తుకోకండి.

9. తరచూ జరిగే పొరపాట్లు, వాటి దిద్దుబాట్లు

పక్కింటి శబ్దం గురించి గ్రూపులో పోస్ట్ చేయడం. అందరి ముందూ అడిగితే ఎవరైనా మొండికేస్తారు. ఈ వరస పాటించండి: ముందు పగటిపూట, ఎదురుగా, ఒక్క విషయమే. "అండీ, రాత్రి పదకొండు తర్వాత టీవీ శబ్దం మా పడగ్గదిలోకి వస్తోంది. పొద్దున్నే లేవాలి, కాస్త తగ్గించగలరా?" మారకపోతే మర్యాదగా మెసేజ్. తర్వాత మీ ఓనరు. సంఘం ఆఖర్న.

మొదటి నెలలోనే అన్నిటికీ ఊఁ కొట్టడం. రోజూ పిల్లల్ని చూసుకోవడం, ఎప్పుడంటే అప్పుడు బండి ఇవ్వడం అలవాటైపోయాక ఆపడం కష్టం. మొదటిసారే హద్దు చెప్పండి: "శనివారాలు చూస్తాను, మిగతా రోజులు కుదరదండీ." ఇప్పటికే ఇరుక్కుని ఉంటే ఫలానా తేదీ నుంచి కుదరదని ముందే చెప్పండి, కారణాలు వల్లించకండి.

ఒకరి సంగతి ఇంకొకరికి చేరవేయడం. చిన్న కాలనీలో మాట సాయంత్రానికల్లా తిరిగొస్తుంది. మీ ముందు ఎవరైనా మొదలుపెడితే "నాకు వాళ్ళ గురించి తెలియదండీ" అని మాట మార్చండి. ఇప్పటికే జారిన మాటకి నేరుగా వెళ్ళి క్షమాపణ చెప్పడం ఒక్కటే దారి.

అన్ని పనులకీ మళ్ళీ బండి తీయడం. దిగిన రెండు మూడు నెలలకి చాలా ఇళ్ళలో ఇదే జరుగుతుంది. సంచులు, గొడుగు, టార్చి గుమ్మం పక్కనే పెట్టండి. బండి తాళంచెవి లోపలి గదిలో పెట్టండి. సరుకులు వారానికి ఒక్కసారి బరువుగా కాకుండా రెండు మూడుసార్లు కొద్దికొద్దిగా తెచ్చుకోండి.

దారి పాడైతే ఊరుకోవడం. పగిలిన ఫుట్‌పాత్, ఆరిపోయిన లైటు గురించి అద్దెవాళ్ళు కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఫొటో, చోటు, స్తంభం నంబరు ఉంటే అది రాసి స్థానిక సంస్థకి పంపండి. ఫిర్యాదు సంఖ్య దాచుకుని, ఇంకో ఇద్దరు పొరుగువాళ్ళ చేత కూడా పంపించండి.

10. పొడిగింపు, ఖాళీ చేయడం

గడువు ముగియడానికి రెండు మూడు నెలల ముందే ఓనరుతో మాట్లాడండి. ఏడాదిలో మీరు చేయించిన రిపేర్లు, తేదీలు, బిల్లులు ఒకచోట రాసి ఉంచితే అద్దె పెంపు మాటల్లో అవి పనికొస్తాయి. అదే కాలనీలో ఇంకో ఇంటికి మారే అవకాశం కూడా పొరుగువాళ్ళని అడగండి. ఇలాంటిచోట ఇల్లు ఖాళీ అవుతోందన్న కబురు ప్రకటన కంటే ముందే వీధికి తెలుస్తుంది.

వెళ్ళిపోయేటప్పుడు:

- నోటీసు రాతపూర్వకంగా, అగ్రిమెంట్‌లోని గడువు ప్రకారం ఇవ్వండి
- దిగినప్పుడు తీసిన వీడియో వరసలోనే మళ్ళీ తీయండి
- మీటర్ రీడింగులు తీసి, బిల్లులు కట్టి, రశీదులు ఓనరుకి పంపండి
- డిపాజిట్ తిరిగిచ్చే తేదీ మెసేజ్‌లో ఖాయం చేసుకోండి
- పక్కింట్లో ఇచ్చిన తాళంచెవి, మీ దగ్గరున్న వాళ్ళ తాళంచెవి, అడిగి తెచ్చుకున్న వస్తువులు ఎవరివి వాళ్ళకి చేర్చండి
- కొత్తగా దిగేవాళ్ళకి ప్లంబర్ నంబరు, చెత్త వేళలు, నీళ్ళు వచ్చే వేళలు ఒక కాగితం మీద రాసి వంటింటి అలమరలో పెట్టండి